కండక్టరుకు కారు పడదు

చంద్రగిరి,
జూలై 6.

లీలక్కా,

నువ్వు బాగున్నావా, బావ బాగున్నాడా, మరమగ్గాలు సరిగ్గా తిరుగుతున్నాయా అని మర్యాదగా అడిగేశాను అనుకో. ఇక సంగతి. మా కారులో కుక్క కక్కింది.

ఇది ఫోనులో చెప్పే మాటే. కానీ ఫోనులో నీ వైపు మగ్గాల మోత, నా వైపు మా అత్త చెవి. పోయినసారి "బాగున్నానక్కా" అని మూడుసార్లు అరిస్తే, ఏమైందోనని పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆ సిగ్గు ఇంకా తీరలేదు. ఆరో తరగతిలో బడి మానేసేలోపు నేర్చుకున్న రాత ఇందుకైనా పనికిరానీ.

కుక్క ఎక్కడిదంటావా. పోయిన వారం మా ఆయన, అదే మీ మరిది, తిరుచానూరులో యాత్రికులను దింపి టీ తాగుతుంటే, ఒక మోటారుసైకిలు కుక్కపిల్ల కాలు మీదుగా పోయిందట. పూలమ్మే ఆమె దాన్ని ఎత్తుకొచ్చి మన కారు మీద పెట్టి, "నీకు కారుండాది గదప్పా, నువ్వు తీసకపో" అందట. కారున్నవాడికి కుక్క కూడా ఉండాలని ఎక్కడ రాసి ఉందో తెలియదు. ఈయనకు కాదనడం రాదు. ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

మా అత్త కుప్పమ్మ సంగతి తెలుసు కదా. ఎముక అన్న మాట వినబడితే ఆమె నోటి నుంచి పుత్తూరు అన్న మాట దానంతట అదే వస్తుంది. తల్లీకొడుకూ దాన్ని తీసుకుని పుత్తూరుకు బయలుదేరారు. బయలుదేరేముందు అత్త దానికి గిన్నెడు పెరుగన్నం పెట్టింది. ఈ ఇంట్లోంచి ఎవరు ప్రయాణం పోయినా పెరుగన్నం తినే పోవాలి. యముడు వచ్చి పిలిచినా, ఆయనకు ఒక ముద్ద, పోయేవాళ్లకు ఒక ముద్ద పెట్టి పంపుతుంది.

కట్టు కట్టే పెద్దాయన, "మేము మనుషులకు గదప్పా కట్టేది" అన్నాడట. "ఇదీ పిలకాయే గదా సామీ" అన్నాడట ఈయన. పెద్దాయన నవ్వి, కాలు సరిచేసి, బద్దలు పెట్టి కట్టాడు. కాలు బాగా కుదిరింది. కానీ అది పోయేటప్పుడు మూడుసార్లు కక్కింది, వచ్చేటప్పుడు రెండుసార్లు. వచ్చేటప్పుడు తగ్గింది నయమయి కాదు, లోపల సరుకు అయిపోయి.

పేరు కండక్టరు అని పెట్టాను. గేటు దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్లను టికెట్టు అడిగినట్టు చూస్తుంది.

ఆడికృత్తిక పండుగకు రమ్మన్నావు. ఈసారి కుదిరేలా లేదక్కా. కుక్క కాలు చూసుకోవాలి.

నీ చెల్లెలు,
కోమలి.


నగరి,
జూలై 15.

ఒసేయ్ కోమలీ,

కుక్క కాలట. పెళ్లయి రెండేళ్లలో నువ్వు రాకపోవడానికి రాసిన కారణాలన్నీ నా దగ్గర డబ్బాలో ఉన్నాయి. అత్తకు జ్వరం, నీకు జ్వరం, ఆయనకు బాడుగ, ఇంటికి సున్నం. ఇప్పుడు కుక్క కాలు. కుక్కకు నాలుగు కాళ్లు కాబట్టి ఇంకో నాలుగేళ్లు నీకు దిగుల్లేదు.

మొగుడికి కారుంది. ఊళ్లో వాళ్లను, పక్క రాష్ట్రం వాళ్లను, గుండు గీయించుకున్న వాళ్లను, గీయించుకోని వాళ్లను అందరినీ తిప్పుతాడు. పెళ్లాన్ని మాత్రం నగరికి తేలేడు. కారు ఇష్టం లేదా, రైలెక్కు. ఏకాంబరకుప్పంలో దిగితే మీ బావ సైకిలు మీద తీసుకొస్తాడు. లేదా నన్ను చూడటం ఇష్టం లేదని ఒక్క ముక్క రాసెయ్. డబ్బాలో జాగా ఉంది.

నేను మగ్గం దగ్గరికి పోవడం తగ్గించాను. మీ బావ ఒక మనిషిని పెట్టాడు. ఎందుకని అడగొద్దు, ఎండలు. మీ అత్త పెట్టిన చింతకాయ తొక్కు ఉంటే ఎవరి చేతైనా ఒక సీసా పంపు. అది కూడా ఎందుకని అడగొద్దు.

అమ్మ పోయాక మనకు పుట్టిల్లు అంటే నీకు నేను, నాకు నువ్వు. ఆ పుట్టింటికి రెండేళ్లుగా తాళం వేసి ఉంది. తాళంచెవి నీ దగ్గరుంది.

కుక్కకు ముద్దులు. నీకు లేవు.

లీలావతి.


చంద్రగిరి,
ఆగస్టు 2.

అక్కా,

తొక్కు సీసా అందిందా? పుత్తూరు సంతకు పోయే ఆమె చేత పంపాను. ఎందుకని అడగలేదు చూడు.

నువ్వు అంత మాట రాశాక దాచడం నావల్ల కాదు. ఈ ఉత్తరం చదివి చించెయ్. బావకు చూపించావంటే నేను జన్మలో ఆయన ముందుకు రాను.

నాకు కారు పడదు.

పెళ్లినాడు నగరి నుంచి పూలకారులో బయలుదేరాము కదా. కారంతా మల్లెపూలు, పైన సెంటు, ముందర సాంబ్రాణి. పుత్తూరు దాటేసరికి కడుపులో తిరగలి తిరిగినట్టయింది. కొత్త పెళ్లికూతుర్ని, "ఆపండి" అని ఎట్లా అంటాను. నోరు మూసుకున్నాను. ఎంతసేపని మూసుకుంటాను. వడమాలపేట దగ్గర మా అత్త పట్టుచీర మీద కక్కేశాను. ఆరెంజి అంచు చీర. ఈ రెండేళ్లలో ఆ చీర కట్టినప్పుడల్లా, "ఇది మా కోమల సీర" అని వచ్చినవాళ్లకు కథంతా చెబుతుంది.

ఆ రోజు నుంచి కారెక్కలేదు. బస్సూ అంతే. మీ మరిది కాణిపాకం పోదాం అంటాడు, సినిమాకు పోదాం అంటాడు. పిలిచినప్పుడల్లా నాకు నెలసరి అని చెప్పాను. ఆయన లెక్క ప్రకారం నాకు నెలకు నాలుగుసార్లు. పాపం, ఏ రోజూ తిరిగి అడగలేదు. ఈమధ్య పిలవడం మానేశాడు. రైలు మాట ఒకసారి ఎత్తాను. "డ్రైవరు పెండ్లాం రైల్లో పోతే స్టాండులో నా మొగం మీదనే నవ్వుతారు" అన్నాడు.

కండక్టరు కూడా నాలాగే. కట్టు విప్పించడానికి మళ్లీ పుత్తూరు తీసుకుపోయారు. మళ్లీ పెరుగన్నం, మళ్లీ ఐదుసార్లు. ఇప్పుడు కారు తలుపు చప్పుడైతే చాలు, మంచం కిందికి దూరి వణుకుతుంది. నోట్లోంచి సొంగ కారుతుంది. అత్త దిష్టి తీసింది. కారుకు ఒక నిమ్మకాయ కట్టేచోట మూడు కట్టింది. సాంబ్రాణి రెండింతలు వేసింది. ఆ పొగలో దాన్ని కూర్చోబెడితే కారు ఆగి ఉండగానే కక్కింది.

అందరూ దాన్ని తిట్టారు. నాకు మాత్రం నన్నే తిట్టినట్టు అనిపించింది.

కోమలి.


నగరి,
ఆగస్టు 14.

నా పిచ్చి తల్లీ,

నెలకు నాలుగుసార్లా? మీ ఆయన నిన్ను ఆసుపత్రికి తీసుకుపోనందుకు మెచ్చుకోవాలో తన్నాలో తెలియడం లేదు. తీసుకుపోవాలన్నా కారులోనేగా. నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను. మీ బావ మగ్గం ఆపి వచ్చి, "అట్ల నవ్వబాకు, పట్టేస్తాది" అన్నాడు.

పట్టేస్తుందని ఎందుకన్నాడో ఇప్పుడు చెబుతాను. నువ్వు దాచింది చెప్పావు కాబట్టి నాదీ చెప్పాలి. ఐదో నెల.

ముందే చెప్పలేదని కోపం తెచ్చుకోకు. రెండుసార్లు మూడో నెలలోనే పోయింది కదా. రెండుసార్లూ నీకు ఉత్సాహంగా రాశాను, రెండుసార్లూ మళ్లీ ఇంకో ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఆ రెండో రకం ఉత్తరం రాయడం నాకు చేతకాదు. అందుకే ఈసారి చింతకాయ తొక్కు వరకే చెప్పాను.

డాక్టరు డిసెంబరు మొదట్లో అంది. ఏడో నెలలో గాజులు తొడుగుతారు. మొదటి గాజు పుట్టింటివాళ్లు తొడగాలి. పుట్టింటివాళ్లంటే ఎవరో పోయిన ఉత్తరంలో రాశాను. కాన్పుకు కూడా నువ్వే ఉండాలి. మా అత్త మంచిదే, కానీ నొప్పులు నాకు వస్తే అరుపులు ఆమెవి.

కాబట్టి నువ్వు కారెక్కాలి. ఆ కుక్కకు ఎవరైనా తెలిసినవాళ్లను అడిగి నేర్పించు. దాని పక్కనే కూర్చుని నువ్వూ నేర్చుకో. కుక్కకు నేర్పుతున్నానంటే ఎవరూ నవ్వరు. కక్కుకుంటూ అయినా రా. మా వీధిలో బోరింగు ఉంది, కడుక్కోవచ్చు.

లీల.


చంద్రగిరి,
సెప్టెంబరు 5.

అక్కా,

నీ ఉత్తరం దేవుడి పటం వెనక పెట్టాను. దేవుడు చదివితే చదవనీ.

మూడు నెలలు నీ దగ్గర ఉంటానని అత్తను అడిగాను. అంటే మీ మరిదితో అడిగించాను. అత్త ఒప్పుకుంది, కానీ ఒక మెలిక పెట్టింది. "పోతే పోనీ. ఈ కుక్కను మాత్రం నేను సూడను. కోమల లేకపోతే అది రాత్రంతా ఏడస్తా ఉంటాది. ఎంట తీసకపోతే సరే, లేదంటే ఆదిమూలం మామిడితోటకు ఇచ్చేస్తా" అంది. ఆదిమూలం తోటలో కుక్కలను గొలుసుతో కట్టేస్తాడు. ఒకసారి కట్టాడంటే అది ముసలిదయ్యేదాకా విప్పడు. కాబట్టి కండక్టరుకు కారు పడితేనే నేను నగరికి వచ్చేది.

పశువుల ఆసుపత్రిలో ప్రసన్నకుమారి అని డాక్టరమ్మ ఉంది. ఎవరిని తిట్టినా నవ్వుతూ తిడుతుంది. నేను కండక్టరును ఎత్తుకుని నడిచిపోయాను. ముందు కాలు చూపించాను, చెవులు చూపించాను. చివరికి, "కారులో కక్కుతుంది" అన్నాను.

"దానికి ఏం పెట్టి ఎక్కిస్తా ఉండారమ్మా?"

"పెరుగన్నం."

"ఎంత?"

గిన్నె ఎంత ఉంటుందో చేత్తో చూపించాను. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది. "అంత తిని కారెక్కితే నేనూ కక్కుతాను" అంది.

ఆమె చెప్పింది రాస్తాను. చిన్నపిల్లలకు చెవి లోపల తూకం కుదరదట, అందుకని బండి కదిలితే తిప్పుతుందట. కుక్కపిల్లలకూ అంతే, పెద్దయితే చాలావాటికి పోతుందట. ప్రయాణానికి నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టకూడదు. సెంటు, సాంబ్రాణి, మల్లెపూలు కారులో ఉండకూడదు. "దేవుడు తట్టుకుంటాడు, కుక్క తట్టుకోలేదు" అంది. అద్దం కొంచెం దించాలి. ఇక భయం సంగతి. "అది కారులో దూరం పోయిన రెండుసార్లూ పుత్తూరులో కాలు పట్టుకున్నారు. కారంటే దానికి నొప్పి. కారంటే ఏదన్నా మంచిదని దానికి నమ్మకం కలగాల" అంది. మొదట ఆగి ఉన్న కారులో, తలుపులు తెరిచిపెట్టి, ఊరికే కూర్చోబెట్టాలట. అక్కడే ఇష్టమైనది ఒక ముక్క పెట్టాలట. తరవాత ఇంజను వేసి. తరవాత వీధి చివరిదాకా. దిగినచోట దానికి నచ్చింది ఏదో ఒకటి ఉండాలి. తొందర పెట్టకూడదు, తిట్టకూడదు. దూరం పోయే రోజుకు మాత్ర తను ఇస్తుందట, మనుషులది వేయొద్దంది.

అంతా విని నేను ఇంకా నిలబడే ఉన్నాను. "ఇంకేమన్నా అడగాల్నా?" అంది. "మనుషులకు కూడా ఇదేనా?" అన్నాను. ఆమె నన్ను, కుక్కను, మళ్లీ నన్ను చూసి, "ఇదే. మనుషులను తలుపు తెరిచి ఎక్కించనక్కరలేదు, అంతే" అంది.

ఇంటికొస్తూ దారిలో గుర్తొచ్చింది. అప్పగింతల ముందు నాకు మూడు ముద్దల పెరుగన్నం పెట్టింది ఎవరక్కా?

మధ్యాహ్నాలు ఆయన నిద్రపోయేటప్పుడు, నేనూ కండక్టరూ వెనక సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాము. నాలుగు తలుపులూ తెరిచి. ఉడికిన గుడ్డు దానికో ముక్క, నాకో ముక్క. మొదటి రోజు రెండు నిమిషాలు. వారానికి అది సీటు మీద నిద్రపోయింది. ఒకరోజు ఆయన తువ్వాలు కోసం వచ్చి చూశాడు.

"ఏం జేస్తా ఉండారు ఇద్దరూ?"

"కూచోనుండాము."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "కుక్కకు నేర్పిస్తా ఉండావా, నీకా?" అన్నాడు. అక్కా, ఆ ప్రశ్నకు నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే పెళ్లినాటి నుంచీ అంతా చెప్పాను. ఆయన ముందు సీట్లో కూలబడ్డాడు. "నా పక్కన కూచునేది నీకు ఇష్టం లేదనుకుంటి. రెండేండ్లుగా అదే అనుకుంటా ఉండాను" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "నెలకు నాలుగుసార్లంటే నాకూ అనుమానమే. యాడ అడిగేది, ఎవుర్ని అడిగేది" అన్నాడు.

తరవాత లేచి సెంటు సీసా తీసి గోడవతలికి విసిరాడు. అది ఆదివారం ప్రార్థనకు పోయే పక్కింటి ప్రేమానందం గారి తెల్లచొక్కా మీద పగిలింది. ఆయన ఇంకా వాసన వస్తున్నాడు.

కోమలి.


నగరి,
సెప్టెంబరు 16.

కోమలీ,

నేనే పెట్టాను. మూడు కాదు, నాలుగు. మూడు తిని చాలంటే, "అత్తగారింట్లో ఎప్పుడు పెడతారో ఏమో" అని నాలుగోది కుక్కాను. ఇన్నాళ్లూ ఆ కారునూ మీ ఆయన్నూ తిట్టాను. అంటే మీ అత్త పట్టుచీరకు నేను బాకీ. చెప్పకు.

మీ ఆయన మాట చదివి మీ బావకు చెప్పాను. (చించమన్నావు, చించాను. చెప్పొద్దని రాయలేదు.) ఆయన, "అయితే నా పెండ్లాం నా పక్కన కూచోనుంటాది, అదే నాకు కారు" అన్నాడు. పెళ్లయి ఐదేళ్లకు ఒక మంచిమాట వచ్చింది. తేదీ వేసి రాసి పెట్టాను.

గాజులు అక్టోబరు 12న. నలుగురిని పిలిచాము. మొదటి గాజు నీది. లోపల ఉన్నది ఆడో మగో, మగ్గం ఆగితే తంతుంది, తిరిగితే నిద్రపోతుంది. నగరి బిడ్డే.

లీల.


చంద్రగిరి,
అక్టోబరు 13.

అక్కా,

నిన్న నువ్వు వీధిలోకి ఎన్నిసార్లు చూశావో నాకు తెలుసు. నన్ను తిట్టు.

అంతా బాగానే వచ్చింది. కండక్టరు వీధి చివరికి వచ్చింది, కోట దాకా వచ్చింది. పోయిన వారం తిరుచానూరు దాకా వచ్చి, దిగి, పూలమ్మే ఆమె చేతిలో బిస్కెట్టు తిని, మళ్లీ తనే కారెక్కింది. నేనూ ఎక్కాను. ముందు సీట్లో, ఆయన పక్కన. నాకేమీ కాలేదు. ఆయన ఇరవై మీద పోనిచ్చాడు. వెనక ఆటోవాళ్లు తిట్టిన తిట్లు నీకు రాయలేను.

నిన్న పొద్దున అందరం తయారయ్యాము. గాజులు, పూలు, పండ్లు, కండక్టరుకు మాత్ర. అత్త పెరుగన్నం కలిపి తెచ్చింది. "అక్కకు గాజులు తొడగను పోతా వట్టి కడుపుతోనా? శుభమా అని పోతా ఉండావు" అని నా చేతిలో ముద్ద పెట్టింది. డాక్టరమ్మ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ నాలుక మీదే ముద్ద పెట్టుకున్నాను. ఒకటి తిన్నాక రెండోది. నేను కొంగు సర్దుకునేలోపు కండక్టరుకు కూడా గిన్నె పెట్టేసింది. అది నాలాంటిది, పెట్టినవాళ్లకు కాదనలేదు.

వడమాలపేట దాకా ఊపిరి బిగబట్టాను. పుత్తూరు రాగానే కండక్టరు ఊరిని గుర్తుపట్టింది. అది ఏడ్చిన ఏడుపుకు రోడ్డు మీద మనుషులు ఆగిపోయారు. తిన్నదంతా, మాత్రతో సహా, నీ గాజుల పెట్టె మీద కక్కింది. ఆ వాసనకు నేను. ఆయన కారు పక్కన పెట్టి మా ఇద్దరినీ కడిగాడు. ఇంకో పదిమైళ్లు ఉంది. నావల్ల కాలేదక్కా. వెనక్కి తిప్పమన్నాను.

అత్త, "కుక్కను తోటకిచ్చేసేది మేలు" అని ఆదిమూలానికి కబురు పెట్టింది. నెలాఖరున వస్తానన్నాడట.

కారుదీ తప్పు కాదు, కుక్కదీ తప్పు కాదు. వద్దు అనే ఒక్క మాట నాకు రాలేదు.

కోమలి.


నగరి,
అక్టోబరు 22.

చి. కోమలికి,

ఉత్తరం అందింది. గాజులు పక్కింటి సిద్ధమ్మ తొడిగింది. అందరూ భోంచేసి పోయారు. ఆరోగ్యం బాగానే ఉంది.

లీలావతి.

ఈ పైనున్నది రాసి నాలుగు రోజులు మడిచి పెట్టాను. పంపితే నువ్వు ఏడుస్తావు, పంపకపోతే నేను ఏడుస్తాను. అందుకని కింద ఇంకొంచెం రాస్తున్నాను. ఎడమచేతికి ఒక గాజు తక్కువగా తొడిగించుకున్నాను. ఆ జాగా నీది. సిద్ధమ్మ ఎందుకని అడిగితే, మా చెల్లెలు దారిలో ఉంది అన్నాను. నువ్వు దారిలోనే ఉన్నావు కదా, పుత్తూరు దగ్గర.

వద్దు అనడం ఎట్లాగో నేర్పనా? తలుపు వేసుకుని కండక్టరు ముందు అను. రోజుకు పదిసార్లు. అది ఎవరికీ చెప్పదు.


నగరి, ఆసుపత్రి బయట, కానుగచెట్టు కింద,
నవంబరు 17, పొద్దున పదిన్నర.

అక్కా,

నర్సమ్మ చేత ఈ కాగితం పంపుతున్నాను. లోపలికి ఒకరినే రానిస్తారట, మీ అత్త లోపల ఉందట. బిడ్డ పుట్టిందని మాత్రం చెప్పారు, ఏ బిడ్డో చెప్పలేదు. నువ్వెట్లా ఉన్నావో ఎవరూ చెప్పడం లేదు. అంతదాకా చేతులు ఊరికే ఉండక రాస్తున్నాను.

పొద్దున ఆరింటికి బావ ఫోను చేశాడు. నొప్పులు మొదలయ్యాయి, మూడు వారాల ముందే అన్నాడు. కండక్టరు రాత్రి నుంచి ఏమీ తినలేదు, నేనూ తినలేదు. (ఆదిమూలం నెలాఖరున వచ్చాడు. కుక్క లేదని చెప్పాను. కుక్క నా కొంగు కిందే ఉంది, తోక బయటికుంది. అతను తోక చూశాడు, నన్ను చూశాడు, వెళ్లిపోయాడు. పదిసార్లు అనడం పనిచేస్తుంది.)

అత్త తనూ వస్తానని ఆరెంజి అంచు పట్టుచీర కట్టుకుని, గిన్నె పట్టుకుని గడపలో నిలబడింది.

"వద్దత్తా" అన్నాను.

"ఏందీ?"

"నాకొద్దు. కండక్టరుకు కూడా వద్దు. మేము వట్టి కడుపుతోనే పోతాము."

మూడు మాటలు. ఈ ఇంట్లో నేను ఒకేసారి అన్ని మాటలు ఆడటం అదే మొదలు. మీ మరిది కారు తాళాలు కింద పడేసుకున్నాడు. అత్త నన్ను చూసి, గిన్నెను చూసి, "అట్లయితే ఈ పెరుగన్నం ఏం జెయ్యాల? పారేసేదా? ఇంటి నుంచి ముగ్గురు పోతా ఉంటే ఎవురో ఒకరు తినాల గదా" అంది. కారులో కూర్చుని మా ముగ్గురి వంతూ తనే తింది. తిరుచానూరు మలుపుకు గిన్నె ఖాళీ.

వడమాలపేట దగ్గర, "ఒరే, ఆపరా" అంది. ఆయన ఆపేలోపే అయిపోయింది. అదే చీర అక్కా. అదే ఊరు.

నేను నవ్వలేదు. ఒట్టు. దించి, తల పట్టుకుని, నోరు కడిగించాను. అత్త రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని చీర అంచు పిండుకుంది. తరవాత, "ఇంత కష్టంగా ఉంటాదని నాకు తెలీదే కోమలా" అంది. "రెండేండ్లు నవ్వితిని గదే నిన్ను" అంది. చివరికి, "ఇది మాత్రం ఎవురికీ చెప్పబాకు" అంది. చెప్పనన్నాను. ఇది చెప్పడం కాదు కదా, రాయడం.

ముందు సీటు ఆమెకిచ్చి, కండక్టరును ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. పుత్తూరు వచ్చింది. అది వణకడం మొదలుపెట్టింది. ఈసారి వెనక్కి తిప్పమనలేదు, దాటించమని కూడా అనలేదు. "ఆపండి" అన్నాను. సరిగ్గా అక్కడే దించాను. ఎవరూ దాని కాలు పట్టుకోలేదు. అది రోడ్డంతా వాసన చూసింది. గుడ్డులో వేలిగోరంత ముక్క ఇచ్చాను. ఒక కరెంటు స్తంభం దగ్గరికి పోయి, పుత్తూరులో కట్టిన ఆ కాలే ఎత్తి, తీరిగ్గా పోసింది. వాళ్ల పని ఎంత గట్టిగా ఉందో ఊరందరికీ చూపించినట్టు. తరవాత తనే వచ్చి కారెక్కింది.

నగరి దాకా నిద్రపోయింది. నేను మేలుకుని అద్దంలోంచి చూస్తూ వచ్చాను. మీ ఊరి దారి ఇంత బాగుంటుందని నాకు తెలియదు. పెళ్లినాడు కళ్లు మూసుకునే పోయాను కదా.

నీ గాజు నా చేతికే ఉంది. కండక్టరు ఇక్కడ గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే డాక్టర్లను టికెట్టు అడుగుతోంది. నువ్వు బాగున్నావని ఒక్క ముక్క రాయి.

కోమలి.


(అదే కాగితం వెనక, పెన్సిలుతో)

బాగున్నాను. ఆడపిల్ల. పుట్టి గంట కాలేదు, అప్పుడే నర్సమ్మ చీర మీద కక్కింది. పోలిక గురించి ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

మా అత్తను బయటికి పంపిస్తున్నాను. కుక్కను మీ ఆయనకిచ్చి నువ్వు లోపలికి రా. మీ అత్త గిన్నెలో అడుగునేమైనా మిగిలిందేమో చూడు. ఆకలేస్తోంది. ఇక్కడ బాలింతకు పెరుగు వద్దంటున్నారు, కొంగు కింద పెట్టుకుని తీసుకురా. నేనిప్పుడు ఎక్కడికీ ప్రయాణం పోవడం లేదు కదా, ఒక్క ముద్ద నువ్వు పెట్టు.

ఎడమచేయి చాపి ఉంచాను.